అత్తమ్మ ప్రార్థించిన దీవి

మా చర్చి సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లమే. మగవాళ్లు పుణెలోనో బొంబాయిలోనో సెంట్రింగు పనిలో ఉంటారు. మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా, మందిరంలో పరిచిన పట్టా మీద కూర్చుని, ఒక్కొక్కరం ఒక్కో భారం ఎత్తుకుంటాం. భారం అంటే ఒకరి కోసం ప్రార్థించే బాధ్యత. ఎవరైనా లేచి ఫలానా జబ్బుమనిషి నా భారం అని సంఘం ముందు చెబితే, ఇక ఆ మనిషి కోసం వారం వారం మొరపెట్టవలసింది ఆమే. ఎత్తుకున్న భారాన్ని జవాబు వచ్చేదాకా దించకూడదు. ఇది ఎవరు పెట్టిన నియమమో నాకు తెలియదు. వనపర్తిలో మా పుట్టింటి సంఘంలో ఇంత పట్టింపు ఉండేది కాదు. అక్కడ పేర్లన్నీ ఒక చీటీ మీద రాసుకుని, చదివి, ఒకే ప్రార్థనతో ముగించేవాళ్లు.

నేను కోడలిగా రాజోలి దగ్గరి ఈ ఊరికి వచ్చేసరికి మా అత్తమ్మ భారం ఒక దీవి.

పెళ్లయ్యాక వచ్చిన మొదటి శుక్రవారం ఆమె పక్కన కూర్చుని విన్నాను. కొంగు తల మీదికి లాక్కుని, రెండు చేతులూ ఒళ్లో బోర్లా పెట్టుకుని, పక్కింటివాళ్లతో మాట్లాడినంత మామూలుగా మొదలుపెట్టింది.

"తండ్రీ, గా దీవిల ఉన్న తల్లిని మరువకు. నీళ్లు మోకాళ్ల దాక వచ్చినయి. బిడ్డను ఈపుకు కట్టుకున్నది. గా పెద్ద బల్లి నోరు తెరుచుకొని మీదికొస్తుంది. సింహాల నోళ్లు మూసినోడివి, దీని నోరు గుడ మూయి. ఆమెకు నువ్వెవరివో తెల్వదు. తెల్వకపోయినా కాపాడు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమెన్ అన్నారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. ఈమెకు ఏదో దర్శనం కలిగిందని నేను అనుకున్నాను. కొత్త కోడలిని, అడగడానికి భయం వేసింది.

అత్తమ్మ గురించి కొంచెం చెప్పాలి. ఆమెకు చదువు రాదు. భూమి లేదు. మామయ్య నా పెళ్లికి ముందే పోయాడు. కొడుకు, అంటే మా ఆయన, పుణెలో పనిచేస్తాడు. ఆమె సీడ్ పత్తి చేలల్లో క్రాసింగుకు పోతుంది. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు ఒక్కొక్కటిగా రుద్దే పని అది. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించాలి. చేలో ఆమె ఒక కూలీ, అంతే. కానీ సంఘంలో ఆమె ప్రార్థన మొదలుపెడితే చంటిపిల్లలను కూడా తల్లులు ఊరుకోబెట్టేవాళ్లు. ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి కొడుకు బస్సెక్కి పనికి పోతున్నా, ముందు ఆమెను పిలిచేవాళ్లు. శుక్రవారం ప్రార్థన నడిపించేది ఆమె. ఈ లోకంలో ఆమెకు స్వంతంగా ఉన్నది ఆ గొంతు ఒక్కటే. పోయింది కూడా అదే కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆ సాయంత్రం ఆమే రేకుపెట్టె తెరిచి, పాత చీర ముక్కలో చుట్టిన పుస్తకం తీసి నా చేతికిచ్చింది. పలచటి పుస్తకం, అట్ట చిరిగిపోయింది. లోపల నున్నటి కాగితం మీద గళ్లు గళ్లుగా రంగుల బొమ్మలు, బొమ్మల్లో మనుషుల నోటి దగ్గర బుడగలు, బుడగల్లో ఇంగ్లీషు. మొదటి పేజీలో సముద్రం, పొగలు కక్కే కొండ. తర్వాత తాటిచెట్టు కొసను మేస్తున్న పొడుగు మెడ జంతువులు, గబ్బిలం రెక్కలతో ఎగిరే, నోటి నిండా పళ్లున్న పక్షులు. తోళ్లు కట్టుకుని బల్లేలు పట్టుకున్న మనుషులు. టోపీ పెట్టుకున్న తెల్లమనిషి ఒకడు పడవ దిగుతున్నాడు. చివరి పేజీ అంతా ఒకే బొమ్మ. బండ మీద ఒక స్త్రీ, వీపున తోలుగుడ్డతో కట్టుకున్న పసిబిడ్డ, చుట్టూ పెరుగుతున్న నీళ్లు, నీళ్లలోంచి లేస్తున్న రాక్షసబల్లి తల. ఆ బొమ్మ కింద చిన్న గడిలో ఒక వాక్యం.

"గదేం రాసున్నది, జర చదువు. అందరినీ అడిగిన, ఎవ్వరికీ సక్కగ రాలే," అంది అత్తమ్మ.

నేను ఇంటర్ చదివాను. ఆ వాక్యం చదవగలిగాను. "మిగతాది వచ్చే పుస్తకంల ఉంటదట అత్తమ్మా."

ఆమె ముఖం వెలిగింది. "ఉన్నదా? అంటే బతికున్నట్టే గదా. చచ్చిపోతే ఇంకేం రాస్తరు. గా పుస్తకం తెప్పియ్యమని పాస్టరు అయ్యగారికి చెప్త."

అది బొమ్మల కథల పుస్తకమని నాకు అప్పుడే అర్థమైంది. వనపర్తి బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద అలాంటివి చూశాను. అదే మాట ఆమెతో చెప్పాను. దాచలేదు.

"అత్తమ్మా, ఇది కథ. పిల్లలు చదువుకునేది. గిసొంటి దీవి లేదు."

"కత అయితే మందిరంల ఎందుకు చూపిస్తడు?"

"ఎవరు చూపించిండ్రు?"

"ఇంకెవరు, అయ్యగారే. ఆదివారం నాడు బల్ల కాడ నిలబడి చూపించిండు. నువ్వు నిన్న వచ్చినవ్. నీకేం ఎరుక."

తర్వాత మెల్లగా ఆడవాళ్లందరి దగ్గరా విని తెలుసుకున్నాను. హైదరాబాదులోని ఏదో పెద్ద సంఘం పాతబట్టలు, పిల్లల పుస్తకాలు డబ్బాల్లో సర్ది నాగర్‌కర్నూల్‌లోని ఒక సంఘానికి పంపేది. అక్కడివాళ్లు తమకు కావలసినవి తీసుకున్నాక మిగిలింది మాకు వచ్చేది. ఒకసారి అలా వచ్చిన డబ్బాలో బైబిలు కథల బొమ్మల పుస్తకాలు, ఇతర దేశాల్లో సేవ చేసేవాళ్ల పత్రికలు, వాటి మధ్య ఇదీ ఉంది. మా పాస్టరయ్య దీన్ని కూడా సేవ పత్రికే అనుకున్నాడు. టోపీ పెట్టుకుని పడవ దిగుతున్న తెల్లవాడిని చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ ఆదివారం పుస్తకం ఎత్తి సంఘానికంతా చూపించి, భూమి కొసల్లో ఇంకా ఇలాంటి మనుషులున్నారు, మృగాల మధ్య బతుకుతున్నారు, వీళ్ల భారం ఎవరు ఎత్తుకుంటారు అని అడిగాడట. ఎవరూ లేవలేదు. అత్తమ్మ లేచింది.

ఎందుకు లేచావని ఒకసారి ఆమెను అడిగాను. చివరి పేజీ తీసి ఆ తల్లి వీపున కట్టిన మూట మీద వేలు పెట్టింది. "నీ మొగన్ని నేను గిట్లనే కట్టుకొని బొంబాయిల ఇటుకలు మోసిన. కింద పెడితే కుక్కలు. ఈపు మీద ఉంటే ఎండ. ఆమె మాదిరే."

జంతువుల సంగతి ఆమెకు వింత కాదు. మా ఊరి కింద తుంగభద్రలో మొసళ్లున్నాయి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు బండల మీద నోరు తెరుచుకుని పడుకుంటాయి. బట్టలుతికే ఆడవాళ్లు పిల్లలను నీళ్ల వైపు పోనివ్వరు. "మన నదిల గింత లావు మొసలి ఉంటే, సముద్రంల దాని తాత ఉండదా?" అనేది.

నా మాట ఆమె వినదని తెలిసి నేను పాస్టరయ్య ఇంటికి వెళ్లాను. అది కథల పుస్తకమని, బుడగల్లో ఏముందో చదివి చెప్పాను. ఆయన ఒకటి రెండు పేజీలు తిప్పాడు. మొహంలో కొంచెం రంగు మారింది. తర్వాత నవ్వి, "ఉండనియ్యమ్మా. ప్రార్థనకు నష్టమేముంది? ఇప్పుడు లేదని చెప్తే ఆమె మనసు విరుగుతది. ప్రభువుకు తెలుసు ఆ ప్రార్థన ఎటు పంపుకోవాల్నో," అన్నాడు.

నాకు ఆ మాట నచ్చింది. ఇప్పటికీ ఆ మాట తప్పని అనను. అన్న మనిషి దాని మీద నిలబడితే బాగుండేది.

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. శుక్రవారం శుక్రవారం దీవి వచ్చేది. మందిరం గోడ మీద ఒక పటం ఉండేది, ఏ నెలలో ఏ దేశం కోసం ప్రార్థించాలో రాసిన పటం. అదీ డబ్బాలోనే వచ్చింది. ఆ దేశాల పేర్లు పలకడానికి నాకే నాలుక తిరగదు. ఆ దేశం ఎక్కడుందో, అక్కడ ఏం పండుతుందో, మనుషులు ఏం తింటారో ఎవరికీ తెలియదు. పేరు చదివేవాళ్లం, దీవించు తండ్రీ అనేవాళ్లం, ఆమెన్ అనేవాళ్లం. గుండెలో ఏమీ కదిలేది కాదు. అత్తమ్మ దీవి అలా కాదు. ఎండాకాలం వస్తే అక్కడ నీళ్లు తగ్గి ఉంటాయని సంతోషపడేది. వానలు పడితే, "మనకు మంచిదే తండ్రీ, గాడ మాత్రం జర ఆపు," అని అడిగేది. ఆ పిల్లాడు ఈపాటికి నడుస్తుంటాడని ఒకరోజు అంది. ఇంకో ఏడు వాడికి పాలపళ్లు ఊడుతుంటాయంది. నవ్వొచ్చేది నాకు. తర్వాత నవ్వు రావడం మానేసింది. క్రాసింగు చేస్తూ చేస్తూ పత్తిచెట్టు దగ్గర ఆగి పెదాలు కదుపుతుంటే పక్కసాలు ఆడవాళ్లు, "పెద్దమ్మ దీవికి పోయింది, వచ్చేదాక ఆగుర్రి," అనేవాళ్లు. అది ఎగతాళి కాదు. అప్పటికి కాదు.

గద్వాలలో ఏటా జరిగే సభలకు ఆ సంవత్సరం హైదరాబాదు నుంచి ఒక పెద్ద ప్రసంగీకుడు వచ్చాడు. బాగా చదువుకున్నవాడు, విదేశాలు తిరిగినవాడు. సభల ఏర్పాట్లలో మా పాస్టరయ్య కూడా ఉన్నాడు కనుక, శుక్రవారం ఆయన్ను మా ఊరికి భోజనానికి పిలుచుకొచ్చాడు. ఉపవాస ప్రార్థన ఇంకా ముగియలేదు. ఆయన వెనక కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అత్తమ్మ దీవి దగ్గరికి వచ్చింది. ఎప్పటిలాగే చేసింది.

ఆమెన్ అయ్యాక ఆయన అడిగాడు. "ఏ దీవి అమ్మా అది? పేరేమిటి?"

"పేరు తెల్వదు అయ్యగారూ. ఇంగ్లీషుల ఉన్నది. పుస్తకం ఉన్నది, తెస్త ఉండుర్రి."

చెప్పులు కూడా వేసుకోకుండా పోయింది. పొద్దుటి నుంచి నీళ్లు కూడా తాగని మనిషి, వగరుస్తూ వచ్చి, చీరముక్క విప్పి పుస్తకం ఇచ్చింది. ఆయన తిప్పి చూశాడు. మూతి దగ్గర ఏదో మెదిలింది, ఆపుకున్నాడు. చివరి పేజీని ఫోనుతో ఫొటో తీశాడు. తర్వాత, "ఇలా పట్టుకుని నిలబడమ్మా," అన్నాడు. అత్తమ్మ కొంగు సర్దుకుని, పుస్తకం ఎదకు ఆనించుకుని, పెళ్లి ఫొటోకు నిలబడినట్టు బిగదీసుకుని నిలబడింది.

"మిగిలిన పుస్తకం మీ పట్నంల దొరుకుతదేమో చూడుర్రి అయ్యగారూ. గా తల్లి ఏమైందో తెలిస్తే జర పానం నిమ్మళమైతది."

"తప్పకుండా చూస్తానమ్మా."

మా పాస్టరయ్య పక్కనే ఉన్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఇప్పుడు చెబుతాడు, అయ్యా, అది నేను పొరపాటున చూపించిన పుస్తకం అని చెబుతాడు, అనుకున్నాను. ఆయన మాత్రం అన్నం అయిందో లేదో కనుక్కోవడానికి లోపలికి పోయాడు.

మర్నాడు పగటి సభకు మేమిద్దరం అయిజ మీదుగా గద్వాల పోయాం. పెద్ద పందిరి, వేదిక పక్కన పెద్ద తెర. ఆడవాళ్ల వైపు మధ్యలో కూర్చున్నాం. ఆయన ప్రసంగాంశం తెలివితో ప్రార్థించడం. మంచి ప్రసంగం, ఆ మాట చెప్పాలి. మధ్యలో ఒక ఉదాహరణ చెబుతానన్నాడు.

"ప్రియులారా, నిన్న ఒక గ్రామంలో ఒక తల్లిని చూశాను. ఉపవాసముండి కన్నీళ్లతో ప్రార్థిస్తోంది. ఎవరికోసమో తెలుసా? డైనోసార్ల కోసం."

పందిరంతా నవ్వింది. అత్తమ్మ కూడా నవ్వింది. డైనోసార్లంటే ఏమిటో ఆమెకు తెలియదు. ఆమె ఎప్పుడూ పెద్ద బల్లులనే అనేది. నా మోచేయి పట్టుకుని, "ఏంది, ఎవరికోసమట?" అని నవ్వుతూ అడిగింది.

అప్పుడు తెర మీద ఫొటో వచ్చింది. ముఖం మీద ఒక నల్లపట్టీ వేయించాడు. ఎవరో తెలియకూడదని కాబోలు. చీర కనిపిస్తూనే ఉంది. పుస్తకం కనిపిస్తూనే ఉంది. మా సంఘంవాళ్లు పందిరిలో చాలామందే ఉన్నారు, ఆ చీర వాళ్లకు తెలియనిది కాదు. ఆ చీరలోనే ఆమె నా పక్కన కూర్చుని ఉంది.

"పిల్లల బొమ్మల కథ పుస్తకం. దాన్ని పట్టుకుని ఇన్నేళ్లుగా ప్రార్థిస్తోంది. మన అజ్ఞానం ఎంతవరకు వచ్చిందో చూడండి," అన్నాడాయన. వేదిక మీద కూర్చున్న మా పాస్టరయ్య వైపు తిరిగి, "ఏం అన్నా, ఆ దీవికి సేవకుణ్ణి ఎప్పుడు పంపిస్తున్నారు?" అన్నాడు.

పాస్టరయ్య నవ్వి, ముందున్న మైకు దగ్గరికి వంగాడు. "మీరే పోవాలె అన్నా. మాకు ఈత రాదు."

మళ్లీ నవ్వు. ఈసారి ఇంకా పెద్దగా.

అత్తమ్మ కొంగును ముఖం మీదికి లాక్కుంది. ఏడవలేదు. కదలకుండా కూర్చుంది. మా ముందు కూర్చున్న మా ఊరామె ఒకతి వెనక్కి తిరిగి చూసి గబుక్కున ముందుకు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఆమె కొడుక్కు కామెర్లొచ్చినప్పుడు అత్తమ్మ రోజూ వాళ్లింటికి పోయి ప్రార్థన చేసింది.

భోజనాలు పెట్టకముందే లేచి వచ్చేశాం. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. అయిజ దాటాక నా వైపు తిరిగింది.

"పిల్లా, గా దీవి లేదా?"

"లేదత్తమ్మా."

"నువ్వు ముందే చెప్పినవ్ గదా."

"చెప్పిన."

"మరి గా తల్లి?"

"బొమ్మ గీసిండ్రు. అంతే."

"పిల్లగాడు గుడ?"

"పిల్లగాడు గుడ."

"అయ్యగారికి ఎరుకనా, లేదని?" అని అడిగింది.

అబద్ధమాడటం నాకు చేతకాదు. "ఎరుకనే. నేనే చెప్పిన, ఎన్నడో."

ఊ అంది. నేను ఏవేవో చెప్పాను. ఆ ప్రార్థనలు వృథా కావని, ఎక్కడో నిజంగానే ఒక తల్లి బిడ్డను కట్టుకుని నీళ్లలో నిలబడి ఉంటుందని, దేవుడు అది ఆమెకు ముట్టజెప్పి ఉంటాడని. నేను దాన్ని మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఆ రోజు బస్సులో నమ్మాను, ఈ రాస్తున్నప్పుడూ నమ్ముతున్నాను. కానీ ఆమె బయటికి చూస్తూ ఉంది, పత్తిచేలు వెనక్కి పోతుంటే. చదువుకున్నదాని ఓదార్పు ఆమె చెవికి ఎక్కలేదు.

ప్రసంగంలోని ఆ ముక్క మాత్రం కత్తిరించి ఎవరో ఫోన్లలోకి పంపారు. వారం తిరిగేలోపు చేలోకి వచ్చింది. సంఘం కానివాళ్లు కూడా చూశారు. క్రాసింగు దగ్గర ఒక పడుచుపిల్ల, "ఏం పెద్దమ్మా, నీ బల్లులు తిన్నయా, ఉపాసమేనా?" అంది. ఇంకొకతి, "ఊకోయే, మల్ల గోడ మీద బల్లిని కొట్టినా పెద్దమ్మకు కోపమొస్తది," అంది. అత్తమ్మ పువ్వు తర్వాత పువ్వు రుద్దుకుంటూ పోయింది. మధ్యలో ఆగి పెదాలు కదపలేదు. మేస్త్రీ ఆ రోజు ఆమె పనిని మెచ్చుకున్నాడు.

ఆ శుక్రవారం ఆమె ప్రార్థనకు వచ్చింది, కూర్చుంది. అందరూ ఆమె మొదలుపెడుతుందని చూశారు. మొదలుపెట్టలేదు. ఎంతసేపటికీ గొంతు లేవకపోతే పాస్టరయ్య భార్య, పాస్టరమ్మగారు, లేచి ప్రార్థన చేసింది.

నేను పాస్టరయ్య దగ్గరికి వెళ్లాను. పాస్టరమ్మగారు టీ తెచ్చిపెట్టింది. అది చల్లారేదాకా నేను ముట్టలేదు.

"అయ్యగారూ, ఆదివారం సంఘం ముందు ఒక్కమాట చెప్పండి. ఆ పుస్తకం చూపించింది మీరేనని, ఆ భారం ఎవరు ఎత్తుకుంటారని అడిగింది మీరేనని. ఇంకేమీ వద్దు."

"నేను ఉదాహరణగ చెప్పినమ్మా. ఆమె అంత లోతుగ తీస్కుంటదని నాకేం తెలుసు?"

"మీరు అడిగిండ్రు, ఆమె లేచింది. లేచినాక దించొద్దని మన సంఘం మాటనే గదా. ఆమె దించలే."

"కాదనలేదు. కాని ఇప్పుడు నేను అట్ల చెప్తే ఏమైతది? సేవకునికే తెల్వదు అనుకుంటరు. రేపు ఏ వాక్యం చెప్పినా ఇది కతనా నిజమా అని అడుగుతరు. మంద చెదిరిపోతది."

"ఒక్క గొర్రె పోయినా కాపరి వెతుక్కుంటూ పోతడు గదా అయ్యగారూ."

ఆయన కొంచెం కఠినంగా చూశాడు. "నాకు వాక్యం నేర్పుతున్నవా?"

పాస్టరమ్మగారు కలగజేసుకుంది. "అత్తమ్మకు పెద్దతనం వచ్చింది గదా తల్లీ. జర రెస్టు ఇద్దాం. శుక్రవారాలు నేను చూసుకుంట. ఆమె ఊరికే వచ్చి కూసుంటే చాలు." ఎంత ప్రేమగా అందో. ఆ ప్రేమతోనే మా అత్తమ్మ చోటు పోయింది.

ఇది చదివే విశ్వాసులు కొందరు నాకు ఫోన్ చేస్తారు. సేవకుల మీద నోరెత్తకూడదని చెబుతారు. నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి ఆ మాట విన్నాను, ఆదివారం బడిలో పిల్లలకు నేనే నేర్పాను. నాకు దేవుని మీద కోపం లేదు. ఆయన పేరున కూడిన సభలో కూర్చుని నవ్వినవాళ్ల మీద ఉంది, అది తీరలేదు. తీరాలని ప్రార్థించడానికి నోరు రావడం లేదు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకునే ముందు, ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే చక్కబెట్టుకుని రమ్మని పాస్టరయ్య ప్రతిసారీ చెబుతాడు. చెబుతున్నప్పుడు నా వైపు చూడడు. అత్తమ్మ వైపూ చూడడు. అందరితో పాటు మా ఇద్దరికీ రొట్టె అందుతుంది. నేను తీసుకుంటాను. నోట్లో అది చాలాసేపు కరగదు.

అత్తమ్మ మందిరం మానలేదు. జనం అనుకున్నట్టు అలిగి కూర్చోలేదు. ఆదివారం తలస్నానం చేసి, ముందుగానే పోయి, వెనక వరుసలో కూర్చుంటుంది. పాటలప్పుడు చేతులు కలుపుతుంది, గొంతు కలపదు. ఎవరైనా బయట ఆపి, "పెద్దమ్మా, మా పిల్లగాడు రేపు బొంబాయి పోతుండు, ఒక్క ప్రార్థన చేసి పంపు," అంటే, "పాస్టరమ్మను అడుగుర్రి," అని ముందుకు పోతుంది. కొందరు నిజంగానే అడుగుతారు. ఎక్కువమంది అడగకుండానే పంపించేస్తారు.

మా ఆయన ఆదివారం సాయంత్రం పుణె నుంచి ఫోను చేస్తాడు. గద్వాలలో జరిగింది అతనికి ఎవరి ఫోనులోనో తెలిసింది. కోపంతో చాలా మాట్లాడాడు. వచ్చే నెల వచ్చినప్పుడు పాస్టరయ్యను నిలదీస్తానన్నాడు. వచ్చినప్పుడు నిలదీయలేదు, వందనాలు పెట్టి వచ్చాడు. ఎదురుగా నిలబడితే ఆ మనిషి ముందు మాట సాగదని నాకూ తెలుసు.

మొన్న ఫోను చేసినప్పుడు అతని గొంతు బాగా లేదు. వాళ్ల పనిచోట పైనుంచి ఒకతను పడిపోయాడట, లింగాల వైపు మనిషి, దవాఖానలో ఉన్నాడట. మర్నాడు తను అదే అంతస్తు ఎక్కాలి.

"అమ్మకు ఫోనియ్యి," అన్నాడు.

స్పీకరు పెట్టి ఆమె ముందు పెట్టాను. రొట్టెలు చేస్తోంది, పిండి చేతులు.

"అమ్మా, రేపు పైకెక్కాలె. జర ప్రార్థన చెయ్యే."

అత్తమ్మ చేతులు ఆగాయి. చాలాసేపు ఫోను వైపు చూసింది. పెదాలు తెరుచుకున్నాయి, నాకు ఆశ పుట్టింది. తర్వాత మోచేత్తో ఫోనును నా వైపు జరిపింది.

"నువ్వు చెయ్ పిల్లా. నీకు సదువొచ్చు. ఏది ఉన్నదో ఏది లేదో నీకు తెలుస్తది. నేను చేస్తే, ఉన్నోడు గుడ లేకుంటపోతడేమో."

అవతల ఎవరో మేస్త్రీ కేకలు, లారీ వెనక్కి వస్తున్న చప్పుడు వినిపించాయి. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. నేర్చుకున్న క్రమంలోనే చేశాను. ముందు స్తుతి, తర్వాత ఒప్పుకోలు, తర్వాత మనవి. అతని పేరు చెప్పాను, పనిచోటు చెప్పాను, అంతస్తు చెప్పాను. ఒక్క మాట తప్పు పోలేదు. చెబుతున్నంతసేపూ నా మాటలు ఇంటి కప్పు దాటడం లేదనిపించింది.

ఫోనులోంచి మా ఆయన ఆమెన్ అన్నాడు. నా పక్కన అత్తమ్మ రొట్టె తట్టడం మళ్లీ మొదలుపెట్టింది.